ఇంటి పద్దులు: ఫ్లాటుకు బీమా

కిందటి నెలలో మా అపార్టుమెంటులోని ఇరవై నాలుగు కుటుంబాల వారమూ మేడమీద చేరి మీటింగు పెట్టుకొన్నాము. నీళ్ళ మోటారు సంగతీ, కార్లు నిలిపే చోటు సంగతీ అయిన తరువాత సెక్రటరీగారు ఒక కాగితం తీసి, "మన బిల్డింగుకు ఇన్సూరెన్సు చేయిద్దామా?" అని అడిగారు. అంతే, గలాటా మొదలైనది.

"నాకు లోను ఇచ్చినప్పుడే బ్యాంకువారు చేయించారు. మళ్ళీ ఎందుకు?" అన్నారొక పెద్దమనిషి. "మేము మూడో అంతస్తులో వున్నాము. మా ఇంట్లోకి వరద రాదు" అన్నారు మరొకరు. "ఎనభై లక్షలు పోసి కొన్నాను. ఎనభై లక్షలూ ఇస్తారా?" అని ఇంకొకరు లేచారు. మా పక్క వాటాలో అద్దెకున్న అక్కయ్యగారు, "సొంత ఇంటివాళ్ళ గొడవ, నాకేం పని తల్లీ!" అని చీర సర్దుకొని కిందికి వెళ్ళబోయారు.

ఇవి నలుగురు అన్న నాలుగు మాటలు. నాలుగూ మనలో చాలామంది అనుకొనేవే. వీటిలో మొదటి మాటను మేము ఒకప్పుడు ధీమాగా అన్నాము. దానికి ఇచ్చుకొన్న మూల్యం కొంచెం కాదు. అందుకని ఈ నెల పద్దులో కూరగాయల ధరలూ, పండుగ ఖర్చులూ పక్కకు నెట్టి, ఫ్లాటు బీమా సంగతే రాస్తున్నాము.

మాది చెన్నపట్నం వేళచ్చేరిలో కింది అంతస్తు ఫ్లాటు. 2015 డిసెంబరు మొదటి తేదీన పడిన వాన ఈ ఊరివాళ్ళు ఎవరూ మరచిపోరు. ఆ రాత్రి గడప దాటి వచ్చిన నీళ్ళు తెల్లవారేసరికి నడుము దాకా వచ్చినవి. పిల్లలనూ, అమ్మనూ రెండో అంతస్తువారి ఇంట్లో దించి, చేతికందినవి అటక మీదికి ఎక్కించాము. బియ్యం మూట, పరుపులు, ఫ్రిజ్జి, బీరువా అడుగున వున్న పట్టుచీరలు, మా నాన్నగారి పుస్తకాలు అన్నీ నీళ్ళలో పోయినవి. నీరు తీసిన తరువాత కరెంటు వైర్లు మార్పించి, తలుపులు మార్చి, గోడలకు మళ్ళీ పూత వేయించేసరికి సామానుతో కలిపి రెండు లక్షల ముప్ఫై వేలు అయింది.

మాకు బెంగ లేదు. లోను తీసుకొన్న రోజున బ్యాంకువారు ఒకేసారి ఇన్సూరెన్సు ప్రీమియం కట్టించుకొన్నారు, రసీదు ఫైలులో భద్రంగా వున్నది. ఫైలు చంకన పెట్టుకొని వెళ్ళాము. అక్కడి ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పి చూచి, మెల్లగా చెప్పారు: "ఇది ఇంటికి చేసినది కాదండీ. మీకు చేసినది. మీకేమైనా అయితే లోను బాకీ తీరుతుంది. ఇల్లు తడిస్తే దీనికి సంబంధం లేదు."

ఇంటికి వచ్చి ఆ మాటే చెబితే మా ఇంటావిడ, "అట్లాగైతే ఆ కాగితం మనకు ఎన్నడూ అక్కరకు రాకుండా పోనీయండి" అన్నది. ఆ రెండు లక్షల ముప్ఫై వేలు అమ్మాయి కాలేజీ చదువుకని వేసిన డిపాజిట్టు పగలగొట్టి తెచ్చాము. ఆఫీసులో ఊరందరి ఫైళ్ళూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారము, మన ఫైలు మనం చదువుకోలేదు. తప్పు బ్యాంకుదని ఎట్లా అంటాము? కాగితం మీద రాసే వున్నది.

ఇక ఆ నాలుగు మాటలకూ వరుసగా జవాబు చూద్దాము.

మొదటిది, బ్యాంకువారి ఇన్సూరెన్సు. లోనుతో కూడా వచ్చేవి రెండు రకాలు. ఒకటి మాకు దొరికినటువంటిది. లోను తీసుకొన్న మనిషికి చేసిన బీమా. రెండోది నిజంగా ఇంటికే చేసినది. కాని అందులోనూ బ్యాంకువారు చూసుకొనేది ముందు తమ బాకీకి భద్రత. చాలాచోట్ల ఇంట్లోని సామాను అందులో చేరదు. లోను తీరిన నాటితోనో, అంతకు ముందే గడువుతోనో పాలసీ ముగిసిపోవచ్చును. కాబట్టి చదువరులు ఈ రాత్రి భోజనాలైన తరువాత ఆ కాగితం బయటికి తీయండి. మూడు సంగతులు చూడండి. బీమా చేసినది మనిషికా, ఇంటికా? ఏ తేదీ దాకా? సామాను మాట ఎక్కడైనా వున్నదా? ఇంతే. పావుగంట పని.

రెండోది, మూడో అంతస్తువారి ధైర్యం. ఇల్లు చెడిపోయేది వరద ఒక్కదానివల్లనే కాదు గదా. ఇండియాలో ఇండ్లకు అన్ని జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలూ ఒకే షరతులతో అమ్మవలసిన పాలసీ ఒకటి 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. దాని పేరు భారత్ గృహ రక్ష. బీమా సంస్థలమీద అజమాయిషీ చేసే ఐ.ఆర్.డి.ఎ.ఐ. వారు ఏర్పాటు చేసినది. నిప్పు, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, సునామీ, కొండచరియలు విరిగిపడటం, వాహనం వచ్చి గుద్దటం, అల్లర్లు, టెర్రరిస్టుల పని, నీళ్ళ ట్యాంకులూ గొట్టాలూ పగలటం, పొంగటం ఇవన్నీ అందులో చేరి వున్నవి. గ్యాసు సిలిండరు పేలితే, పైవారి నీళ్ళ గొట్టం పగిలి మన కప్పు తడిసి ఊడితే, మూడో అంతస్తు ఏం ఆపుతుంది?

ఇంకొక మాట. మూడో అంతస్తు గాలిలో నిలబడలేదు, కింది అంతస్తు స్తంభాలమీద నిలబడింది. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో భుజ్ ఊరు ఒక్కటే కాదు, ఎంతో దూరాన వున్న అహమ్మదాబాదులో కూడా అపార్టుమెంట్లు కూలినవి. కూలినప్పుడు ఏ అంతస్తువారు అని చూడలేదు.

మూడోది, ఎనభై లక్షల మాట. ఇక్కడే చాలామంది తప్పుతారు. మనం ఫ్లాటుకు పోసిన ధరలో పెద్ద పాలు నేలది. మా ఊళ్ళో యూ.డీ.ఎస్. అనే ఆ అవిభక్త భూభాగం నిప్పుకు కాలదు, నీటికి కొట్టుకొని పోదు. అందుకని దానికి బీమా లేదు. బీమా చేసేది మళ్ళీ కట్టుకోవటానికి అయ్యే ఖర్చుకు. గృహ రక్షలో లెక్క ఇట్లా వేస్తారు: ఇంటి కార్పెట్ ఏరియా, అంటే బయటి గోడలూ మెట్లూ వరండాల వాటా పోను లోపలి కొలత. దానిని ఆ రోజున ఆ ఊళ్ళో కట్టుబడికి అయ్యే రేటుతో గుణించాలి.

ఒక ఉదాహరణ చూద్దాము. కార్పెట్ ఏరియా 850 చదరపు అడుగులు. కట్టుబడి రేటు అడుగుకు రు. 2,500 అనుకొందాము. రు. 21,25,000 అయింది. ఇంటికి చేయవలసిన బీమా మొత్తం అది. ఎనభై లక్షలకు చేయించి ఎక్కువ ప్రీమియం కట్టినా, కట్టుబడి ఖర్చుకు మించి ఎవరూ ఇవ్వరు. అట్లాగని రేటు మరీ తగ్గించి రాయకండి. ఇల్లు మొత్తం పోయిన రోజున పాలసీలో రాసిన అంకె దాకానే పైకం వస్తుంది.

పూర్వం అగ్ని పాలసీలలో ఒక చిక్కు వుండేది. సరియైన విలువలో సగానికే బీమా చేయిస్తే, జరిగిన నష్టంలో కూడా సగమే ఇచ్చేవారు. గృహ రక్షలో ఆ కోత తీసివేశారు. ఇది మనబోటి సంసారులకు పెద్ద మేలు.

సామానుకు వేరే లెక్క. ఇంటికీ సామానుకూ కలిపి తీసుకొంటే, ఇంటి బీమా మొత్తంలో నూటికి ఇరవై వంతు సామానుకు తనంతట చేరుతుంది, పది లక్షలు మించకుండా. పై ఉదాహరణలో అది రు. 4,25,000. దానికి జాబితా ఇవ్వ నక్కరలేదు. అంతకు మించిన సామాను వుంటే వివరం రాసి ఇచ్చి పెంచుకోవచ్చును. గోడలకూ నేలకూ శాశ్వతంగా బిగించినవి, పంపులు, వైరింగు వంటివి, ఇంటి కిందికి వస్తవి. ఫ్రిజ్జి, టీవీ, మంచాలు, బట్టలు, గోడకు తగిలించిన ఏ.సి. కూడా సామాను కిందికి వస్తవి. బంగారం మాత్రం దీనిలో చేరదు. దానికి విలువ ముందే ఒప్పుకొని, కొంచెం ఎక్కువ ప్రీమియం కట్టి, విడిగా చేర్పించుకోవాలి. రొక్కానికి అసలే లేదు.

నాలుగోది, అద్దెకున్న అక్కయ్యగారి మాట. మెట్ల దగ్గరే ఆపి చెప్పాము: "అక్కయ్యగారూ, గోడలు ఇంటివారివి. బీరువా, కుట్టుమిషను, పిల్లవాడి కంప్యూటరు మీవే గదా? సామానుకు మాత్రమే పాలసీ అద్దెకున్నవారూ తీసుకోవచ్చు." ఆమె తిరిగి వచ్చి కూర్చున్నారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నాడు ఆ కుట్టుమిషను నీళ్ళలో నానిన సంగతి ఆమె నోటనే తరువాత విన్నాము.

ఇప్పుడు అసలు చిక్కుముడి. విడి ఇంటివారికి లేనిది, ఫ్లాటువారికి వున్నది. గోడకు ఇవతల మన ఇల్లు. గోడకు అవతల మెట్లు, లిఫ్టు, నీళ్ళ ట్యాంకు, మోటారు గది, ప్రహరీ గోడ, పునాది, మేడ కప్పు. వాటిలో అందరికీ భాగం వున్నది, ఎవరికీ విడిగా లేదు. కర్ణాటకలో 1972 నాటి చట్టమైనా, మహారాష్ట్రలో 1970 నాటి చట్టమైనా, తమిళనాడులో 1994 నాటి దాని స్థానంలో వచ్చిన 2022 చట్టమైనా ఫ్లాటువారి హక్కును ఈ రెండు ముక్కలుగానే చూస్తవి. మన పెద్దలు చెప్పిన సామెత వున్నది గదా, ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని. లిఫ్టు గదిలో నిప్పంటుకొంటే మన సొంత పాలసీ దానికి పలకదు. మనం కార్పెట్ ఏరియా లెక్కన చేయించినది గోడకు ఇవతలిదానికే.

కాబట్టి పని రెండుగా పంచుకోవాలి. భవనం మొత్తానికీ, ఉమ్మడి భాగాలకూ అసోసియేషను పేరిట ఒక పాలసీ. ఇంటి లోపలి సామానుకు ఎవరి పాలసీ వారిది. మహారాష్ట్రలో హౌసింగు సొసైటీల మాదిరి బైలాలలో భవనానికి బీమా చేయించాలనే వున్నది. అక్కడి చదువరులు తమ సొసైటీ చేయించిందో లేదో ఈసారి మీటింగులో అడగండి. తక్కిన చోట్లవారు అసోసియేషనును కదిలించాలి.

అసోసియేషను పాలసీ తీసుకొనేటప్పుడు సెక్రటరీగారిని ఒక్క ప్రశ్న అడగాలి: "ఇందులో ఫ్లాట్ల లోపలి గోడలూ, నేలా, తలుపులూ చేరినవా, లేక ఉమ్మడి భాగాలేనా?" చేరివుంటే, మనం మళ్ళీ గోడలకు కట్టటం దండుగ. జీవిత బీమా రెండు చోట్ల వుంటే రెండూ వస్తవి. ఇంటి బీమా అట్లా కాదు. ఒకే నష్టానికి రెండు చోట్ల పూర్తి పైకం పుట్టదు. చేరకపోతే, లోపలిదానికి మన పాలసీ మనకు వుండాలి. అసోసియేషను అసలే కదలకపోతే, ఎవరికి వారయినా ఇంటికీ సామానుకూ కలిపి తీసుకోండి. కాని భవనం మొత్తం కూలితే ఒక్కరి పాలసీతో ఒక్క ఫ్లాటు కట్టుకోలేము. ఆ సంగతి తెలిసి వుండాలి.

దేనికి ఇవ్వరో కూడా ముందే తెలుసుకొంటే తరువాత తగవు వుండదు. నెలల తరబడి చెమ్మ పట్టి గోడ ఉబ్బితే ఇవ్వరు, అది పాతబడటం కిందికి వస్తుంది. పైవారి స్నానాల గది నుంచి మెల్లగా కారే నీళ్ళ తగవు ఏ ఇన్సూరెన్సూ తీర్చదు, మనమే తీర్చుకోవాలి. షార్టు సర్క్యూటు వల్ల ఒక్క ఫ్రిజ్జి మాత్రం కాలితే ఆ ఫ్రిజ్జికి ఇవ్వరు. దానినుంచి నిప్పు పాకి తక్కిన ఇల్లు కాలితే ఆ తక్కినదానికి ఇస్తారు. దొంగతనం సంగతి మరీ జాగ్రత్త. వరదో నిప్పో వచ్చిన ఏడు రోజుల లోపల, దాని మూలంగా జరిగిన దొంగతనానికే గృహ రక్ష పలుకుతుంది. ఊరికి పోయినప్పుడు తాళం పగలగొట్టిన దొంగకు వేరే పాలసీ కావాలి. మన గొట్టం పగిలి కిందివారి ఇల్లు పాడైతే వారికి ఇవ్వవలసిన పరిహారమూ ఇందులో లేదు, దానికీ వేరే తీసుకోవాలి.

ఇచ్చేవాటిలో చాలామందికి తెలియనివి కొన్ని వున్నవి. ఇల్లు కాపురానికి పనికిరాకుండా పోయినన్నాళ్ళు వేరే ఇంటికి కట్టే అద్దె, శిథిలాలు ఎత్తివేయించే ఖర్చు, ఇంజనీరుకు ఇచ్చే ఫీజు, వీటికి హద్దులు పెట్టి ఇస్తారు. 2015లో మేము మూడు వారాలు బావగారింట్లో తలదాచుకొన్నాము. ఆ ఇల్లు లేనివారు అద్దెలు కట్టుకొన్నారు.

నష్టం జరిగిన రోజున చేయవలసినది ఇది. వెంటనే కంపెనీకి తెలియజేయండి. తడిసిన సామాను పారవేయకండి, సర్వేయరు వచ్చి చూచేదాకా ఒక మూల వుంచండి. ముందు ఫొటోలు తీయండి. నిప్పయితే ఫైరు ఆఫీసు రిపోర్టు, దొంగతనమయితే పోలీసు కాగితం తీసుకోండి. ఇవాళే ఇంకొక పని చేయవచ్చును: ఒక్కొక్క గదీ, బీరువా లోపలా ఫొటో తీసి, బిల్లులతో కలిపి ఊళ్ళో వున్న అమ్మాయికో తమ్ముడికో పంపి వుంచండి. మా బిల్లులన్నీ బీరువా అడుగు అరలోనే వున్నవి. బీరువాతో పాటే పోయినవి.

కంపెనీ అన్యాయం చేసిందని తోస్తే ముందు వారికే రాసి ఇవ్వాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది సరిగా లేకపోయినా ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరకు పోవచ్చును. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. యాభై లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాది లోపల వెళ్ళాలి. మా తమిళనాటివారికి ఆఫీసు చెన్నైలో, కన్నడదేశం వారికి బెంగుళూరులో, ఒడిషావారికి భువనేశ్వరంలో, మహారాష్ట్రవారికి బొంబాయి, పూనాలలో వున్నవి. యానాంవారు పుదుచ్చేరి కింద వున్నా, ఈ విషయంలో హైదరాబాదుకు రాసుకోవాలి.

ప్రీమియం ఎంత అంటారా? మా ఫ్లాటుకు, సామానుతో కలిపి, ఏడాదికి వెయ్యి రూపాయలు మించలేదు. కంపెనీకీ కంపెనీకీ, ఊరికీ ఊరికీ తేడా వుంటుంది. రెండు మూడు చోట్ల అడిగి చూడండి. మా లెక్కలో అది నెలకు కాఫీపొడి పొట్లం ఖరీదు.

మన తెలుగువారికి ఇది కొత్త విద్య కాదు. 1864 నవంబరు 1న వచ్చిన తుపానులో ఉప్పెన బందరును ముంచి దాదాపు ముప్ఫై వేలమందిని బలి తీసుకొన్నది. ఆ బందరులోనే భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టి, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ పెట్టారు. సముద్రం పక్కన వున్న ఊరివారికి కష్టం వచ్చే రోజు తెలియదని తెలుసు. నలుగురి దగ్గర కొంచెం కొంచెం పోగుచేస్తే ఒకరి కష్టం గట్టెక్కుతుందనీ తెలుసు.

మా మీటింగు చివరకు ఏమైందంటే, భవనానికీ ఉమ్మడి భాగాలకూ అసోసియేషను పేరిట పాలసీ తీసుకోవటానికి పద్దెనిమిది ఇండ్లవారు ఒప్పుకొన్నారు. ఖర్చు ఇంటి వైశాల్యం ప్రకారం మెయింటెనెన్సులో కలుపుతారు. తక్కిన ఆరుగురూ ఆలోచించి చెబుతామన్నారు. మూడో అంతస్తువారు ఆ ఆరుగురిలో వున్నారు. వానాకాలం వచ్చే లోపల ఒప్పించాలని మా ప్రయత్నం. బ్యాంకువారి బీమా వున్నదన్న పెద్దమనిషి మాత్రం మరునాడు పొద్దున్నే ఫైలు తీసుకొని మా ఇంటికి వచ్చారు. ఇద్దరం కూర్చుని చదివాము. అది ఇంటికి చేసినదే. కాని గడువు తీరి రెండేళ్ళయింది.

వచ్చే నెల పద్దులో పెళ్ళి ఖర్చుల సంగతి. అంతవరకు సెలవు.